సంచిలో రాడ్డు దొరికితే అది ఎవరి సంచి?

అడుగున్నర ఇనుప రాడ్డు, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, టార్చిలైటు, ఒక జత గ్లౌజులు. ఇవన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. ఆ సంచిని బండి ముందు పెట్టుకుని ఒక మనిషి రాత్రి పదకొండున్నరకు మూసాపేట మీదుగా పోతుంటే వాహన తనిఖీలో ఆపారు. ఇతను ఎవరు? అపార్టుమెంటులో బాల్కనీ గ్రిల్స్ బిగించి, ఓనరు డబ్బులిచ్చేదాకా కూర్చుని, ఇప్పుడు ఇంటికి పోతున్న వెల్డింగ్ పనివాడు కావచ్చు. దుకాణం షట్టరు ఇరుక్కుపోయిందని ఫోనొస్తే వెళ్లి బాగుచేసి వస్తున్నవాడు కావచ్చు. లిఫ్ట్ మెకానిక్ కావచ్చు. తాళం వేసిన ఇల్లు ఎక్కడుందా అని చూసుకుంటూ తిరుగుతున్న దొంగ కూడా కావచ్చు. సంచి మాత్రం నలుగురిదీ ఒక్కటే.

ఇలాంటి సంచి దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేస్తే పోతుంది కదా అన్న మాట ఏటా సంక్రాంతి తర్వాత గట్టిగా వినిపిస్తుంది. పండక్కి హైదరాబాద్ నగరం సగం ఖాళీ అయినట్టుంటుంది. ఎంజీబీఎస్, జేబీఎస్‌ల దగ్గర బస్సులెక్కినవాళ్లు నాలుగు రోజులకు తిరిగొస్తారు. కొందరికి గుమ్మంలోనే గుండె ఆగినంత పనవుతుంది. తాళం తాళంలాగే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉన్న ఆల్‌డ్రాప్ మాత్రం స్క్రూలతో సహా ఊడి వేలాడుతుంటుంది. బీరువా తలుపులు తెరిచి, చీరలన్నీ నేల మీద కుప్పగా పడి ఉంటాయి. పోయిన బంగారం సంగతి సరే, తెలియని మనిషెవరో తమ మంచం దాకా వచ్చి వెళ్లాడన్న భయం నెలల తరబడి వదలదు. అలాంటి ఇంట్లో నిలబడి చూస్తే, ఆ దొంగను ముందురోజు రాత్రి రాడ్డుతో దొరికినప్పుడే లోపల వేసి ఉంటే ఈ పని జరిగేది కాదన్న కోపం న్యాయంగానే కనిపిస్తుంది. ఆ కోపాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే దాన్ని సెక్షన్‌గా మార్చే ముందు, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా చూడాలి.

మన శిక్షాస్మృతి నేరాన్ని మెట్లుగా చూస్తుంది. మొదట మనసులో ఉద్దేశం పుడుతుంది. తర్వాత సన్నాహం, ఆ తర్వాత ప్రయత్నం, చివరికి నేరం. ఉద్దేశానికి శిక్ష లేదు. సన్నాహానికి కూడా మామూలుగా శిక్ష లేదు. ప్రయత్నం దగ్గర్నుంచే శిక్ష మొదలవుతుంది. పాత ఐపీసీలో 511వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 62వ సెక్షన్ ఈ ప్రయత్నం గురించే చెబుతాయి. నగల కోసం పెట్టె పగలగొట్టి చూస్తే అందులో నగలు లేవు. అయినా అది దొంగతనానికి ప్రయత్నమేనని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. పెట్టె పగలగొట్టడానికి సుత్తి కొనుక్కున్నవాడి గురించి మాత్రం అక్కడ ఏమీ లేదు.

సన్నాహం ఎక్కడ ముగుస్తుంది, ప్రయత్నం ఎక్కడ మొదలవుతుంది అన్నది కోర్టులను ఎప్పటి నుంచో ఇబ్బంది పెడుతున్న ప్రశ్న. 1968లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్ల లారీ కేసు వచ్చింది. పంజాబ్ నుంచి వడ్లు బయటికి తరలించకూడదని నిషేధం ఉన్న రోజులవి. ఢిల్లీకి బయలుదేరిన లారీని 32 మైళ్ల ముందు సమాల్ఖా చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. లారీ ఇంకా పంజాబ్‌లోనే ఉంది కాబట్టి, మనసు మార్చుకుని వెనక్కి తిప్పుకునే అవకాశం వాళ్లకు ఉంది కాబట్టి అది సన్నాహమే, నేరం కాదని కోర్టు తేల్చింది. పన్నెండేళ్ల తర్వాత, 1980లో, వెండి స్మగ్లింగ్ కేసు వచ్చింది. రాత్రిపూట సముద్రపు పాయ ఒడ్డుకు వెండి దిమ్మెలు చేర్చి దించుతుంటే పట్టుకున్నారు, అదే సమయంలో నీళ్ల మీద మరపడవ ఇంజిన్ చప్పుడు వినిపించింది. ఇది ప్రయత్నమేనని అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న దూరం ఎంతో చూస్తే, సంచిలో రాడ్డు పెట్టుకుని రోడ్డు మీద పోతున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. అతను వడ్ల లారీకన్నా చాలా వెనక ఉన్నాడు. ఏ ఇల్లన్నది కూడా ఇంకా తేలలేదు.

మరి సన్నాహానికి శిక్షే లేదా? కొన్నింటికి ఉంది, అవి చాలా గట్టివి కూడా. దొంగనోట్లు, దొంగనాణేలు, నకిలీ ప్రభుత్వ స్టాంపులు తయారుచేసే పరికరాలను చేసినా, దగ్గర పెట్టుకున్నా న్యాయ సంహిత 181వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడవచ్చు. అయిదుగురు అంతకన్నా ఎక్కువమంది కలిసి చేసే బందిపోటు దోపిడీకి సిద్ధపడటమే నేరం, పదేళ్ల దాకా శిక్ష. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టంలో అయితే అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం తయారుచేసినా, దగ్గర ఉంచుకున్నా, సక్రమమైన పని కోసమేనని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. పనిముట్ల చట్టం కావాలనేవాళ్లు చూపించేది వీటినే. నోట్ల అచ్చు దగ్గరుంటే నేరమైనప్పుడు, తాళం పగలగొట్టే రాడ్డు దగ్గరుంటే ఎందుకు కాదు అని అడుగుతారు.

జవాబు వస్తువులోనే ఉంది. అయిదువందల నోటు అచ్చువేసే ప్లేటుతో ఇంట్లో ఇంకో పని జరగదు. డిటొనేటరు పెట్టి ఎవరూ మేకు కొట్టరు. రాడ్డు, స్క్రూడ్రైవర్, ఆకురాయి అలా కావు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో, బేగంబజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమేరాత్ బజార్‌లో ఇవి కుప్పలుగా అమ్ముడవుతాయి. కొన్నవాళ్లలో నూటికి ఎంతమంది దొంగలో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు కానీ, ఈ ఊరు రోజూ కట్టుకునే గోడలు, బిగించుకునే తలుపులు చూస్తే మిగతావాళ్లంతా ఎవరో తెలుస్తుంది. తెలుగులో ఒకప్పుడు దొంగ పనిముట్టుకు విడిగా పేరుండేది. మట్టిగోడకు కన్నం పెట్టే కన్నపుకత్తి. కన్నం వేయడం, కన్నంలో దొరికిన దొంగ అన్న మాటలు ఇంకా మిగిలాయి, ఆ పనిముట్టు మాత్రం కనుమరుగైంది. సిమెంటు గోడల ఊళ్లో దొంగకంటూ ప్రత్యేకంగా పనిముట్టు లేదు, వడ్రంగి సంచిలోదే అతనికీ చాలు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. ఇళ్లకు కన్నం వేసే పనిముట్టు అన్న మాట మన చట్టంలో చాలాకాలం ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 54వ సెక్షన్ వారెంటు లేకుండా పోలీసులు ఎవరెవరిని అరెస్టు చేయవచ్చో చెబుతూ, సరైన కారణం లేకుండా అలాంటి పనిముట్టు దగ్గరున్నవాడిని కూడా చేర్చింది. సరైన కారణం ఉందని నిరూపించుకునే బాధ్యత ఆ మనిషిదేనని కూడా రాసింది. స్వాతంత్య్రం వచ్చాక 1973లో కొత్త కోడ్ వచ్చినా ఈ వాక్యం అలాగే 41వ సెక్షన్‌లోకి దిగింది. విచిత్రం ఏమిటంటే అరెస్టు చేసే అధికారమైతే ఇచ్చారు కానీ, ఆ పనిముట్టు దగ్గరుండటాన్ని ఐపీసీలో నేరంగా ఎక్కడా రాయలేదు. అంటే మనిషిని పట్టుకోవచ్చు, పట్టుకున్నాక పెట్టడానికి సెక్షన్ లేదు. కాబట్టి పట్టుకున్నవాళ్లను సత్ప్రవర్తనకు బాండు రాయించే 109, 110 సెక్షన్ల వైపు నడిపించడానికే ఆ అధికారం ఎక్కువగా అక్కరకొచ్చేది.

కొన్ని రాష్ట్రాల్లో నగర పోలీసు చట్టాలు ఆ ఖాళీని తమ పద్ధతిలో నింపాయి. 1951 నాటి బొంబాయి పోలీసు చట్టం 122వ సెక్షన్ పొద్దుగూకిన దగ్గర్నుంచి పొద్దుపొడిచేదాకా అనుమానాస్పదంగా కనిపించేవాళ్లను వరసగా చెప్పి, ఇళ్లు పగలగొట్టే పనిముట్లు ఉన్నవాడిని అందులో కలిపింది. అక్కడ కూడా నిరూపించుకునే భారం అతని మీదే. హైదరాబాద్‌లో ఇప్పటికీ నడుస్తున్న నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది, అంటే నిజాం రోజులది. ఆ తరం చట్టాలన్నిటికీ ఊళ్లో రాత్రిపూట తిరిగే పేదవాడు అంటే ముందు అనుమానం, తర్వాతే మనిషి.

2008లో పార్లమెంటు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించింది. ఆ సవరణ 2010 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలన్నది దాని అసలు ఉద్దేశం. ఆ మార్పులో 41వ సెక్షన్ మొదటి క్లాజులు పూర్తిగా కొత్తగా రాశారు. పనిముట్ల వాక్యం ఆ రాతలో కొట్టుకుపోయింది. ఆ కోడ్ స్థానంలో ఇప్పుడున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో కూడా అది లేదు. నూట పన్నెండేళ్లు అమల్లో ఉన్న ఒక అనుమాన వాక్యం పోతే ఎవరూ గొడవ చేయలేదు, దాన్ని తిరిగి తెమ్మని ఏ ప్రభుత్వమూ అప్పుడు పట్టుబట్టలేదు. ఈ వ్యాసానికి ఇది చిన్న విషయం కాదు. కొత్త నేరం కావాలని అడుగుతున్నవాళ్లు నిజానికి వెనక్కి పంపేసినదాన్నే, ఈసారి శిక్షతో కలిపి అడుగుతున్నారు.

ఈ ఆలోచన పుట్టింది ఇంగ్లండులో. 1824 నాటి వేగ్రన్సీ చట్టం దారిన తిరిగే బీదలను, బిచ్చగాళ్లను, జోస్యం చెప్పేవాళ్లను శిక్షిస్తూ, ఇల్లు పగలగొట్టే ఉద్దేశంతో దొంగతాళాలు, గునపాలు దగ్గర పెట్టుకున్నవాళ్లను కూడా అదే వరసలో చేర్చింది. 1861 నాటి దొంగతనాల చట్టం రాత్రివేళ ఇలాంటి పనిముట్లతో దొరకడాన్ని నేరంగా చెప్పి, నిరూపించుకునే భారం నిందితుడి మీద వేసింది. మన కోడ్‌లో కనిపించేది ఆ కాలపు ఆలోచనే. అయితే ఇంగ్లండు అక్కడే ఆగలేదు. 1968లో తెచ్చిన కొత్త చట్టం 25వ సెక్షన్ లెక్క మార్చింది. ఇంట్లో ఉన్న పనిముట్ల జోలికి పోలేదు, ఇల్లు దాటి బయట ఉన్నప్పుడు మాత్రమే నేరం. దొంగతనం కోసమే ఆ వస్తువు వెంట పెట్టుకున్నాడని నిరూపించాల్సింది ప్రాసిక్యూషన్. ఆ వస్తువు దొంగతనం కోసమే చేసినదో, అందుకోసం మార్చినదో అయితే దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. దుకాణంలో కొన్న రాడ్డుకూ, కొలిమిలో కాల్చి చివర వంచి సన్నగా చేసిన రాడ్డుకూ మధ్య తేడాను చట్టం గుర్తించింది. చట్టం రాయాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సిన ముక్క ఏదైనా ఉంటే అది ఇదే.

అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 466వ సెక్షన్ జాబితాలో పనిముట్ల పేర్లతో పాటు స్పార్క్ ప్లగ్గు పింగాణీ ముక్కలు కూడా చేరాయి. కారు అద్దాన్ని పగలగొట్టడానికి దొంగలు వాటిని వాడటం మొదలుపెట్టడమే కారణం. జాబితా రాసే పద్ధతికి ఉన్న జబ్బు ఇక్కడ కనిపిస్తుంది. దొంగ కొత్త వస్తువు పట్టుకుంటాడు, చట్టం దాన్ని చేరుస్తుంది, దొంగ ఇంకోటి పట్టుకుంటాడు. చివరికి మెకానిక్ షెడ్డు ఊడ్చిన చెత్త కూడా ఉద్దేశాన్ని బట్టి నేరం కింద తేలుతుంది. కెనడాలో ఇదే నేరానికి పదేళ్ల దాకా శిక్ష ఉంది.

అదే కాలిఫోర్నియా చట్టంలో తయారీ సంగతి కూడా ఉంది. ఇంటి మీద హక్కున్న మనిషి అడగకుండా తాళంచెవి చేయడం, మార్చడం నేరం. ఇంటికొచ్చి తాళం చూసి చెవి చేసేవాళ్లు, చేయించుకున్నవాళ్ల పేరు, అడ్రసు, గుర్తింపు కార్డు వివరాలు రాసుకుని రెండేళ్లు దాచాలి. హైదరాబాద్‌లో దీన్ని ఊహించాలంటే ఒక చాబీవాలా దగ్గర పావుగంట నిలబడాలి.

ఫుట్‌పాత్ మీద గొడుగు, దాని కింద చెక్కపెట్టె, పెట్టెకు బిగించిన చిన్న వైస్, ఇనుప తీగకు గుచ్చిన వందలకొద్దీ బ్లాంకు చెవులు. చెవి పోగొట్టుకున్న మనిషి తాళం తెచ్చి చేతిలో పెడతాడు. చాబీవాలా తాళాన్ని ఒకసారి తిప్పి చూసి, తీగ నుంచి ఒక బ్లాంకు తీస్తాడు. దాన్ని తాళంలో దూర్చి, అటూ ఇటూ మెల్లిగా బలం పెట్టి కదుపుతాడు. బయటికి తీసి ఎండకు వంచి పట్టుకుంటాడు. లోపలి పిన్నులు ఆనిన చోట ఇత్తడి మీద సన్నని మచ్చలు పడతాయి, మామూలు కంటికి అవి కనపడవు. ఆ మచ్చ మీద ఆకురాయితో రెండు గీతలు రుద్దుతాడు. మళ్లీ దూర్చడం, మళ్లీ కదపడం, మళ్లీ ఎండకు పట్టడం. మచ్చ పడటం మానేసిన చోట రుద్దడం ఆపేస్తాడు. ఇరవయ్యో సారికి అటూఇటూగా తాళం టక్కుమని తెరుచుకుంటుంది. అసలు చెవిని అతను ఎప్పుడూ చూడలేదు. తాళం ఎవరిదో కూడా అతనికి తెలియదు, తెచ్చినవాడి మాటే ఆధారం.

ఇంత నేర్పు ఈ ఊరికి అవసరం. రోజూ ఎవరో ఒకరు చెవి లోపల మర్చిపోయి తలుపు లాగేసుకుంటారు. అయినా తయారీని నేరం చేసే చట్టం వస్తే మొదట దాని నోట్లో పడేది ఈ మనిషే. మారుతాళం చేయడం అతని వృత్తి. అతని పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ జాబితాలోకి వస్తుంది. ఇక్కడ కావాల్సింది ఒక నోటుపుస్తకం. తాళం తెచ్చినవాడి పేరు, ఫోన్ నంబరు, ఇంటికి వెళ్లి చేసిన పనైతే ఆ ఇంటి అడ్రసు. ఫోన్‌లో ఆధార్ ఫొటో ఒకటి తీసుకుంటే ఇంకా మంచిది. దొంగతనం జరిగితే పోలీసులు ముందు ఆ పుస్తకం చూస్తారు. దీనికి లైసెన్సులు, రెన్యువళ్లు, ఫీజులు తగిలిస్తే నెలనెలా మామూళ్లు వసూలు చేసుకునే ఇంకో దారి తెరిచినట్టవుతుంది తప్ప ఒక్క దొంగా దొరకడు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి. నిరూపించుకునే భారం.

సరైన కారణం చూపించమని అడగడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. పనివాడైతే చెప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది. చెప్పుకోవడం వేరు, కోర్టులో నిరూపించడం వేరు. హైదరాబాద్‌లో పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనిషిని మేస్త్రీ పిలుస్తాడు, ట్రాలీలో ఎక్కిస్తాడు, సాయంత్రం కూలి చేతిలో పెడతాడు. మధ్యలో కాగితం ఉండదు. మేస్త్రీ ఇంటిపేరు కూడా తెలియదు, ఫోన్‌లో అతని పేరు మేస్త్రీ కూకట్‌పల్లి అనే ఉంటుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవాడికి ఈ ఊళ్లో తన తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లు, జామీను ఇచ్చేవాళ్లు దొరకరు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు లేబర్ కార్డు ఉన్నవాళ్లకు కొంత ఆసరా. 2021లో వచ్చిన ఈ-శ్రమ్ కార్డూ ఉంది. కార్డు తీసుకోనివాళ్లు, ఊళ్లో ఇంట్లో పెట్టి వచ్చినవాళ్లు చాలామంది. కారులో టూల్‌కిట్ పెట్టుకుని తిరిగే గచ్చిబౌలి ఉద్యోగి డిక్కీలో కూడా రాడ్డు, స్పానర్లు, టార్చి ఉంటాయి. ఆయన్ని సరైన కారణం ఏమిటని ఎవరూ అడగరు. సెక్షన్‌లో ఇద్దరికీ ఒకే మాట రాసి ఉన్నా అది పడేది ఒకరి మీదే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, దీనికి వందేళ్ల అనుభవం ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాల్లో, తెగల్లో పుట్టడమే నేర స్వభావానికి గుర్తని రాసింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913లో అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, హాజరు వేయించుకుంటూ, అనుమతి లేకుండా ఊరు దాటనివ్వకుండా కాపలా కాశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం తరాల తరబడి పోలేదు, అక్కడి పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో చేరాక కూడా ఊరు పేరు చెప్పడానికి వెనకాడిన రోజులున్నాయి. సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్ష మీద తీర్పు ఇస్తూ, ఇలా ఒకప్పుడు ముద్ర వేసి తర్వాత తొలగించిన విముక్త జాతులవాళ్లను ఇష్టానుసారం అరెస్టు చేయకుండా పోలీసులు మార్గదర్శకాలు పాటించాలని చెప్పాల్సి వచ్చింది. రద్దయిన 72 ఏళ్ల తర్వాత కూడా చెప్పాల్సి వచ్చిందంటే అనుమానం ఎంత లోతుకు పాతుకుపోతుందో తెలుస్తుంది. పనిముట్టు దగ్గరుంటే చాలు అనే సెక్షన్ ఈ అనుమానానికి చేతికర్ర అవుతుంది.

పోలీసుల వైపు నుంచి కూడా చూడాలి. అర్ధరాత్రి రెండు గంటలకు గస్తీలో ఉన్న కానిస్టేబుల్‌కు ఒక గల్లీలో తాళం వేసిన ఇంటి గోడ పక్కన ఒకడు దొరికాడు. చేతిలో రాడ్డు, జేబులో గ్లౌజులు, ఎక్కడుంటావంటే ఒక్కోసారి ఒక్కో ఏరియా చెబుతున్నాడు. ఇతన్ని వదిలేయాలా? అక్కర్లేదు. ఉనికి దాచుకుని తిరిగేవాళ్ల దగ్గర సత్ప్రవర్తన బాండు తీసుకునే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 128వ సెక్షన్‌లో ఉంది. అలవాటుగా ఇళ్లు పగలగొట్టేవాళ్ల విషయంలో 129 ఉంది. నేరం చేయబోతున్నాడని తెలిసి, వేరే దారి లేనప్పుడు 170 కింద అదుపులోకి తీసుకుని 24 గంటలు ఉంచవచ్చు. దొంగతనాలే పనిగా పెట్టుకున్న ముఠాలో ఉండటమే న్యాయ సంహిత 313 కింద నేరం. గోడకు కన్నం పెట్టి చెయ్యి లోపలికి దూర్చినా అది ఇల్లు పగలగొట్టడమేనని చట్టంలో ఉదాహరణే ఉంది. ఎక్కడో పడిపోయిన తాళంచెవి దొరికితే దానితో తలుపు తీసి చొరబడినా అదే నేరం. రాత్రిపూట దొంగతనం కోసం ఇల్లు పగలగొడితే 331వ సెక్షన్ కింద పద్నాలుగేళ్ల దాకా శిక్ష. ఇవేవీ చాలవన్నట్టు తెలంగాణలో 1986 నాటి పీడీ యాక్టు ఉంది, ఏడాది దాకా విచారణ లేకుండా లోపల ఉంచవచ్చు. దాన్ని అడ్డదిడ్డంగా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ రాష్ట్రాన్ని గట్టిగానే మందలించింది. అధికారాలకు కొదవ లేదు. ఉన్న అధికారాలను కాగితం మీద కారణం రాసి వాడటంలోనే కొదవ.

పనిముట్లకు సాక్ష్యంగా విలువ లేదని కూడా కాదు. సన్నాహం నేరం కాకపోయినా సాక్ష్యానికి పనికొస్తుందని భారతీయ సాక్ష్య అధినియమ్ 6వ సెక్షన్ చెబుతుంది. దొంగతనం జరిగాక నిందితుడు చెప్పిన చోట రాడ్డు దొరికితే, తలుపు మీద పడ్డ గీతలతో దాని అంచు సరిపోతే, క్లూస్ టీం తీసిన వేలిముద్రలతో కలిపి ఆ రాడ్డు కోర్టులో చాలా మాట్లాడుతుంది. అక్కడ రాడ్డు వెనక ఒక పగిలిన తలుపు ఉంది. పగిలిన తలుపు లేని రాడ్డుతో పంచనామా రాయాలంటే మిగిలిందంతా రాసేవాడి చేతుల్లో ఉంటుంది. బందిపోటు సన్నాహం కేసుల్లో ఇనుప రాడ్లు, కారంపొడి, తాళ్లు దొరికాయన్న ఒకే మూస వాక్యం పేపర్లలో ఎన్నిసార్లు చదివామో గుర్తు తెచ్చుకుంటే ఆ భయం ఎందుకో అర్థమవుతుంది.

ఎలక్ట్రానిక్ పరికరాల సంగతి కొంచెం వేరు. తాళంచెవి జేబులో ఉంటే చాలు తెరుచుకునే కార్లు వచ్చాక, ఆ చెవి సిగ్నల్‌ను దూరం నుంచి అందుకుని కారుకు చేరవేసే పరికరాలూ వచ్చాయి. బ్రిటన్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో పార్లమెంటులో పెట్టిన బిల్లులో ఇలాంటివాటిని తయారుచేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం నేరంగా, అయిదేళ్ల దాకా శిక్షతో ప్రతిపాదించారు. సిగ్నల్ దొంగిలించే పరికరం నోటు అచ్చు లాంటిదే, మామూలు మనిషికి దానితో పని లేదు. ఇక్కడ తయారీ మీద, అమ్మకం మీద నిషేధం అర్థమున్న మాట. కానీ పోయిన కారు చెవి బదులు కొత్తది ప్రోగ్రాం చేసే యంత్రం చాబీవాలా ఆకురాయి లాంటిది. ఒకే వాక్యంలో రెండిటినీ కలిపేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

అయినా ఒక సెక్షన్ రాసి తీరాలంటే, 1968 నాటి ఇంగ్లండు చట్టం దారి మేలు. దొంగతనం చేయాలన్న ఉద్దేశాన్ని పోలీసులే నిరూపించాలి. వస్తువు దానికోసమే తయారుచేసినదా, మార్చినదా అన్నది ముందు చూడాలి. ఎక్కడ, ఏ వేళలో, ఏం చేస్తూ దొరికాడన్నది రాయాలి. పాత కేసులు ఉన్నాయన్న ఒక్క కారణం సరిపోకూడదు. శిక్ష మూడేళ్లు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సరైన కారణాన్ని నిరూపించే భారం నిందితుడి మీద పడే మాట అందులో ఉండకూడదు.

ఆ ఒక్క మాట ఉండటానికీ, లేకపోవడానికీ మధ్య తేడా ఏమిటో తెలియాలంటే మూసాపేట దగ్గర ఆపిన సంచి దగ్గరికే వెళ్లాలి. సంచి తెరిచారు. గ్రిల్స్ బిగించి వస్తున్నానని అతను చెప్పాడు. ఎవరింట్లో అని అడిగారు, అపార్టుమెంటు పేరు, ఫ్లాటు నంబరు చెప్పాడు. మేస్త్రీ నంబరు ఫోన్‌లో చూపించాడు. భారం పోలీసుల మీద ఉంటే, అక్కడే ఆ రాత్రే ఎస్సై ఆ నంబరుకు ఫోన్ కలుపుతాడు, లేదా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు కలుపుతాడు. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. చెప్పింది అబద్ధమైతే అదీ అప్పుడే తేలుతుంది, దొంగ చేతికి చిక్కుతాడు. భారం అతని మీద ఉంటే ఎవరూ ఫోన్ చేయాల్సిన పని లేదు. అతన్ని స్టేషన్‌కు తీసుకెళ్తారు, సంచిని సీజ్ చేస్తారు, పొద్దున కోర్టుకు పంపుతారు. మేస్త్రీని సాక్షిగా తెచ్చుకోవాల్సింది అతనే, అదీ నెలల తర్వాత, వాయిదా రోజున, ఒక రోజు కూలి పోగొట్టుకుని రావడానికి మేస్త్రీ ఒప్పుకుంటే. అప్పటికి ఆ నంబరు పనిచేస్తూ ఉండాలి. ఈలోగా సీజ్ చేసిన రాడ్డు, ప్లేయరు, హ్యాక్సా స్టేషన్ మూలన తుప్పు పడుతుంటాయి, వాటితో బతికేవాడు అడ్డా మీద ఖాళీ చేతులతో నిలబడతాడు.